నాలుగు గోడల నడుమ జీవగడియారం

2020 మార్చి 25వ తేదీన భారతదేశమంతటా లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. పాఠశాలల గంటలు మూగవోయినవి. ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయినవి. కోవిడ్ వ్యాప్తిని అరికట్టడానికై కోట్లాది ప్రజలు ఇండ్లకే పరిమితమైనారు. గోడమీది గడియారం యథాప్రకారం నడచినది. కాని దానిని చూచి లేవవలసిన అగత్యం అనేకులకు లేకపోయినది. అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టకపోవడం, ప్రొద్దెక్కినా మెలకువ రాకపోవడం ఎన్నో కుటుంబాలకు అనుభవమైనది. దీనిని సోమరితనమని కొట్టివేయడం సరికాదు. దీని వెనుక శరీరధర్మానికి సంబంధించిన కారణం ఉన్నది.

లోపలి గడియారం

మానవుని మెదడులో, రెండు కండ్ల నుండి వచ్చే నాడులు కలిసే చోటుకు కొంచెం పైన, సుమారు 20,000 నాడీకణాల సముదాయం ఉన్నది. ఇదే ప్రధాన జీవగడియారం. వేకువకు ముందు శరీరపు వేడి తగ్గడం, ఉదయం కార్టిసాల్ పెరగడం, చీకటి పడిన పిదప నిద్రకు తోడ్పడే మెలటోనిన్ స్రవించడం దీని అధీనంలోనివే. కాలేయం, క్లోమం వంటి అవయవాలకు కూడా తమ తమ గడియారాలు కలవు. ఒకే భోజనం ఉదయంకంటె రాత్రి ప్రొద్దుపోయి తిన్నపుడు రక్తంలో చక్కెరను ఎక్కువగా పెంచడానికి ఇది ఒక కారణం. కణాలలో ఈ గడియారం నడచే విధానాన్ని వెల్లడించిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించినది.

ఈ గడియారం తనంతట తాను నడుస్తుంది. అయితే మనుష్యులలో దాని దినం సగటున 24 గంటలకంటె కొద్ది నిమిషాలు ఎక్కువ. 1962లో ఫ్రెంచి పరిశోధకుడు మిషెల్ సిఫ్ర్ ఆల్ప్స్ పర్వతాలలోని ఒక గుహలో సూర్యకాంతి గాని, గడియారం గాని లేకుండా రెండు నెలలు గడిపినాడు. అతని నిద్రా జాగ్రదవస్థలు సుమారు 24 గంటల 30 నిమిషాలకొకసారి తిరిగి వచ్చినవి. కనుక లోపలి గడియారాన్ని ప్రతిదినం బయటి లోకంతో సరిచేయక తప్పదు. అట్లు సరిచేసే వానిలో ఉదయకాంతి అన్నిటికంటె బలమైనది.

గబ్బిలాలు నేర్పిన పాఠం

మన దేశంలో ఈ విషయమై విశేష కృషి జరిగినది. మధురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్, ఆయన సహచరులు గుహలలోని గబ్బిలాలను పరిశీలించినారు. 1981లో ప్రకటించిన వారి పరిశోధన ప్రకారం, కటిక చీకటి గుహలో నిర్బంధించిన గబ్బిలం, సాయంకాలం బయటికి ఎగిరి వేకువకు తిరిగి వచ్చే తోటి గబ్బిలాల రాకపోకలనుబట్టి తన కాలాన్ని సరిచేసుకొన్నది. తోడులేని గుహలో ఒంటరిగా ఉంచిన గబ్బిలపు లయ మాత్రం బయటి దినంతో పొత్తు తప్పినది. వెలుగు లేనిచోట సాటివారి సంచారమే గడియారమైనదన్నమాట.

మానవుని విషయంలో కాంతికే ప్రథమ స్థానం. అయినను బడి, కొలువు, భోజనవేళ మనలను ఎప్పుడు వెలుగులోనికి తెచ్చేదీ, ఎప్పుడు విశ్రమింపజేసేదీ నిర్ణయిస్తాయి. లాక్‌డౌన్ కాలంలో ఈ రెండు ఆధారాలూ ఒక్కసారిగా సడలినవి. ఆరుబయట పగటి వెలుగు మబ్బుపట్టిన రోజున సైతం వేలాది లక్సులుంటుంది. ఇంటిలోపల అది తరచు కొన్ని వందలకు మించదు. రాత్రివేళ ఫోను, టెలివిజన్ తెరల కాంతి మెలటోనిన్‌ను ఆలస్యం చేస్తుంది. పగలు మసకబారి, రాత్రి వెలుగైనపుడు శరీరం సంధ్యను గుర్తించలేదు.

లాభమూ, నష్టమూ

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ విద్యార్థులపై 2020లో జరిగిన అధ్యయనంలో, పనిదినాలలో పడకపై గడిపిన కాలం సుమారు అరగంట పెరిగినట్లు, నిద్రవేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యమైనట్లు తేలినది. అంతకు పూర్వం నిద్ర చాలక బాధపడిన యువకులకు మొదటిది మేలే. కాని ఆలస్యమైన గడియారంతో తిరిగి తెల్లవారుజామున లేచి తరగతికి పోవలసి వచ్చినపుడు, దూరదేశ ప్రయాణం చేసినవానికి కలిగే బడలికవంటిది తప్పదు.

ఇండ్లన్నీ సమానం కావు. డాబా, పెరడు గల ఇంటివారికి ఎండ అందినది. కిటికీ కూడ సరిగా లేని ఒంటిగదిలో ఐదారుగురు నివసించే కుటుంబానికి అది అందలేదు. రాత్రి విధులు నిర్వహించిన నర్సులకు, పారిశుద్ధ్య కార్మికులకు ఇంటిపట్టున ఉండే అవకాశమే లేకపోయినది. కనుక ఇది వ్యక్తిగత క్రమశిక్షణకు మాత్రమే చెందిన విషయం కాదు; గృహనిర్మాణానికి, వసతిగృహాలకు, ఆసుపత్రి వార్డులకు కూడ చెందినది.

నేర్వదగినది

వ్యాధి వలన గాని, సెలవుల వలన గాని ఇంట ఉండవలసి వచ్చినపుడు కొన్ని నియమాలు ఉపకరిస్తాయి. ప్రతిదినం ఒకే వేళకు లేవాలి. లేచిన గంటలోపల అరగంటైనా వాకిట గాని, డాబాపై గాని, కిటికీ చెంత గాని గడపాలి. భోజనవేళలు తప్పరాదు. నిద్రకు గంట ముందు దీపాల వెలుగు తగ్గించి, తెరలను దూరంగా ఉంచాలి. ఇంటిల్లిపాదీ కలిసి పాటించినపుడు ఇవి సులభసాధ్యమవుతాయి. గుహలోని గబ్బిలానికి దాని తోటి గుంపు కాలాన్ని తెలిపినట్లే, ఇంటిలో పెద్దలు వేళకు లేచి తలుపులు తెరిస్తే పిల్లలకు తెల్లవారుతుంది.