వేడి తగిలితే ముఖం మండుతోందా?



మన పల్నాడు ఎండల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. వేసవి వచ్చిందంటే రెంటచింతల పేరు రాష్ట్రమంతా వినిపిస్తుంది. “ఎండలో నాలుగడుగులు వేసినా, పొయ్యి దగ్గర నిలబడినా ముఖం భగ్గుమంటోంది సిస్టర్‌గారూ” అంటూ కొందరు ఓ.పి.కి వస్తారు. వారిలో చాలామంది అప్పటికే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు రాస్తుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఎందుకు మండుతుంది?

వేడి తగిలినప్పుడు చర్మంలోని సన్నని రక్తనాళాలు వెడల్పయి, ఒంట్లోని వేడిని బయటికి పంపుతాయి. కొందరిలో ఇవి కొద్దిపాటి వేడికే విచ్చుకుని చాలాసేపు అలాగే ఉండిపోతాయి. బుగ్గలు, ముక్కు, నుదురు మండుతాయి. పొక్కులు రావచ్చు, కళ్లు కూడా మండవచ్చు. ఈ జబ్బును రొజేషియా అంటారు. మన చామనఛాయ చర్మంలో ఎరుపు సరిగా కనిపించదు. మంట, వెచ్చదనం, ముఖం కమిలినట్లు ఉండడమే గుర్తులు. అందుకే ఇంట్లోవాళ్లు “నీ ముఖానికి ఏమైంది, బాగానే ఉందిగా” అనేస్తారు. బాధపడేవారి మాట నమ్మండి.

వేడి వేడి టీ, కారం, సారా, కోపం, ఆందోళన కూడా మంటను పెంచుతాయి. నెలసరి ఆగే వయసులో ఆవిర్లు రావడం, కొన్ని బి.పి. మాత్రల వల్ల ముఖం వెచ్చబడడం వేరే సంగతులు. మాత్రలు మీ అంతట మీరు మానకండి.

చేయవలసినవి

1. చల్లని మంచినీళ్లతో మెల్లగా కడిగి, మెత్తని నూలుగుడ్డతో అద్దండి.
2. ఎండలోకి గొడుగుతో వెళ్లండి. వీలైతే ఎస్.పి.ఎఫ్. 30 సన్‌స్క్రీన్ రాయండి.
3. వంటింటి కిటికీ తెరిచి ఉంచండి.
4. మిరపకాయల తొడిమలు తీశాక చేతులు సబ్బుతో కడుక్కోనిదే ముఖం ముట్టకండి. వేడిని పసిగట్టే నరాలనే కారం కూడా రేపుతుంది.

చేయకూడనివి

ఐసుముక్క, నిమ్మరసం, బ్లీచింగ్ వద్దు. సున్నిపిండితో గట్టిగా రుద్దవద్దు.

ట్యూబు సంగతి

బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని రాసి ఉంటే అది స్టెరాయిడ్ మందు. మొదటి వారం ముఖం నున్నగా, తెల్లగా కనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, నాళాలు పైకి తేలి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానగానే మంట రెట్టింపవుతుంది. దానికి భయపడి మళ్లీ రాస్తారు. ఇలా ఆ ట్యూబుకే బానిసలవుతారు. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పటికే రాస్తున్నవారు సిగ్గుపడక ఆ ట్యూబు వెంట తీసుకుని రండి. ఎలా మాన్పించాలో డాక్టరుగారు చూస్తారు. పెళ్లి కుదిరిన ఆడపిల్లల తల్లులు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

ఆలస్యం చేయకూడనివి

ముఖం మంటతో పాటు కీళ్లనొప్పులు, జ్వరం ఉన్నా, స్పర్శ తెలియని మచ్చ ఉన్నా వెంటనే చూపించుకోండి. ఎండలో ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. మనిషిని నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోను చేయండి.

దేవుడిచ్చిన ముఖం ఏ రంగులో ఉన్నా అందమైనదే. దాన్ని తెల్లగా చేయాలని చూడకండి, చల్లగా కాపాడుకోండి. ప్రభువు మీ కుటుంబాలకు ఆరోగ్యం దయచేయును గాక.