వైద్యవిద్య – గణితం

నిజామాబాదు జిల్లా ఏర్గట్ల వంటి గ్రామీణ మండలాలలో పదవ తరగతి ముగించిన విద్యార్థుల ముందు నిలిచే మొదటి ప్రశ్న ‘ఏ గ్రూపు?’ అన్నది. లెక్కలంటే భయపడి బై.పి.సి.ని ఆశ్రయించేవారు కొందరు. ఆ భయంతోనే వైద్యవృత్తి తమకు అందనిదని వెనుదిరిగేవారు మరికొందరు. ఈ రెండు నిర్ణయాలకూ మూలం ఒక్కటే: వైద్యునికి ఎంత గణితం కావాలో తెలియకపోవడం.

బై.పి.సి.లో గణితం ప్రధాన పాఠ్యాంశం కాదు. వైద్యవిద్యా ప్రవేశపరీక్ష అయిన నీట్‌లోనూ గణిత విభాగం లేదు. అయితే ఆ పరీక్షలో సగం మార్కులు భౌతిక, రసాయన శాస్త్రాలవి. నిష్పత్తులు, సదిశలు, సంవర్గమానాలు తెలియనిదే ఆ శాస్త్రాలు బోధపడవు. గణితాన్ని వాకిట విడిచినా, అది పెరటిదారిన వచ్చి చేరుతుంది.

వైద్యశాలలో గణితం నిత్యావసరం. 12 కిలోల బరువున్న శిశువుకు జ్వరం వచ్చినదనుకొందాం. మందు మోతాదు కిలోకు 15 మిల్లీగ్రాములైతే 180 మిల్లీగ్రాములు కావాలి. 5 మిల్లీలీటర్ల మందులో 120 మిల్లీగ్రాములు ఉంటే, ఇవ్వవలసినది 7.5 మిల్లీలీటర్లు. ఈ లెక్కకు పాఠశాలలో నేర్చిన నిష్పత్తులు చాలు. కాని దశాంశ బిందువు ఒక్క స్థానం కుడికి జరిగితే మోతాదు పదింతలై ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ కావలసినది కఠినమైన గణితం కాదు, తప్పులేని గణితం.

రోగనిర్ధారణకు సంభావ్యత తోడ్పడుతుంది. 1000 మందిలో 20 మందికి ఒక వ్యాధి ఉన్నదనుకొందాం. పరీక్ష ఆ 20 మందినీ గుర్తించి, మిగిలిన 980 మందిలో నూటికి 5గురిని పొరపాటున రోగులుగా చూపితే, అట్టివారు 49 మంది. అంటే పరీక్ష రోగులని చూపిన 69 మందిలో నిజమైన రోగులు 20 మందే. ఈ లెక్క తెలిసిన వైద్యుడు ఒక్క పరీక్షనే నమ్మి చికిత్సకు తొందరపడడు.

వైద్యానికి గణితం తోడైతే ఎంత మేలు కలుగునో చెప్పడానికి సికింద్రాబాదే సాక్షి. 1897 ఆగస్టు 20న సర్ రొనాల్డ్ రాస్ అక్కడి బేగంపేటలో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. అందుకు 1902లో నోబెల్ బహుమతి పొందాడు. గణితాన్ని స్వయంకృషితో అభ్యసించిన ఆయన మలేరియా వ్యాప్తిని సమీకరణాలలో నిరూపించాడు. దోమలన్నింటినీ నిర్మూలించనక్కరలేదనీ, వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువకు తగ్గిస్తే వ్యాధి క్రమంగా క్షీణిస్తుందనీ తేల్చాడు. సూక్ష్మదర్శినికి చిక్కని సత్యం సమీకరణానికి చిక్కింది.

2013లో నిజామాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. వైద్యవిద్య జిల్లా ముంగిటికే వచ్చినది. వైద్యుడు కాగోరే విద్యార్థి గణిత పండితుడు కానవసరం లేదు. నిష్పత్తి, శాతం, ప్రమాణాల మార్పిడి, సంభావ్యత అతనికి కరతలామలకం కావాలి. పరిశోధన వైపు సాగేవారికి సాంఖ్యకశాస్త్రం మరింత అవసరం. లెక్కల భయం వైద్యవృత్తిని వదులుకోవడానికి కారణం కారాదు. లెక్కలను వదులుకోవడానికి వైద్యవృత్తి సాకు కారాదు.

అర్థాలు
సంవర్గమానం : లాగరిథమ్
సంభావ్యత : ఒక సంఘటన జరగడానికి గల అవకాశపు కొలత
కరతలామలకం : అరచేతిలోని ఉసిరికాయ; స్పష్టంగా తెలిసినది

ప్రశ్నలు
1. వైద్యునికి ఏ మేరకు గణితం అవసరమో సోదాహరణంగా వివరించండి.
2. మలేరియా నివారణకు రొనాల్డ్ రాస్ గణితాన్ని ఎట్లు వినియోగించాడు?