పక్షవాతం తర్వాత చూపు ఉన్నా గుర్తుపట్టలేకపోతే: ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

పక్షవాతం వచ్చిన పెద్దాయన ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాడు. మాట బాగానే ఉంది. కానీ ఎదురుగా నిలబడ్డ కూతుర్ని చూసి "ఎవరమ్మా నువ్వు?" అంటాడు. "నేనే నాన్నా" అనగానే గొంతు గుర్తుపట్టి పేరు పెట్టి పిలుస్తాడు. కంటి డాక్టరుకి చూపిస్తే కళ్లు బాగున్నాయన్నారు. దాంతో ఇంట్లో కొందరు మతి పోయిందనుకుంటారు, కొందరు నటిస్తున్నాడంటారు. రెండూ కాదు.

కన్ను బొమ్మను పట్టి పంపుతుంది, అంతే. అది ఏమిటో పోల్చుకునే పని తల వెనుక వైపు, దిగువన ఉన్న మెదడు భాగాలది. అక్కడికి రక్తం అందక దెబ్బతింటే వస్తువు కనిపిస్తుంది గానీ అదేమిటో తెలియదు. దీన్ని డాక్టర్లు విజువల్ అగ్నోసియా అంటారు. తాళంచెవి చూపిస్తే చెప్పలేని మనిషి, చేతిలో పెడితే తడిమి వెంటనే చెప్పేస్తాడు. కొందరికి ముఖాలు మాత్రమే గుర్తుండవు. కొందరు తమ చేత్తో రాసిందే మళ్లీ చదవలేరు.

ఇంకో రకం ఉంది. కంచంలో కుడివైపు అన్నం మాత్రమే తిని ఎడమవైపుది వదిలేస్తారు, ఎడమవైపు గుమ్మానికి గుద్దుకుంటారు. ఒక పక్క చూపు పోవడం వల్లో, మెదడు ఆ పక్కను పట్టించుకోకపోవడం వల్లో ఇలా జరుగుతుంది. అన్నం సయించలేదేమో అనుకోకండి, కంచం తిప్పి చూడండి.

ముందుగా ప్రమాదం సంగతి. ఫినాయిల్ సీసా, మంచినీళ్ల సీసా పక్కపక్కన ఉంచకండి. మందులు మీరే చేతికివ్వండి. డాక్టరు సరేననే వరకు బండి తాళం ఇవ్వొద్దు. దగ్గరికి వెళ్లేటప్పుడు మీ పేరు చెబుతూ వెళ్లండి. వస్తువులు రోజూ ఒకే చోట పెట్టండి, ఆయన గ్లాసుకి ఎర్ర టేపు చుట్టండి. "నేనెవరో చెప్పు" అని వచ్చినవాళ్లందరూ పరీక్ష పెట్టడం మాత్రం దయచేసి ఆపండి, దాంతో మనిషి కుంగిపోతాడు. మొదటి కొన్ని నెలల్లో మెరుగయ్యే అవకాశం ఎక్కువ, కాబట్టి ఈ లక్షణాలు నరాల డాక్టరుకి వెంటనే చెప్పండి.

ఉన్నట్టుండి చూపు తగ్గినా, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనికొచ్చేది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే నెట్‌వర్క్ ఆస్పత్రిలో వైద్యమిత్రని కలవండి.

పెన్షన్ విషయానికొస్తే, సదరం ధ్రువపత్రంలో వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. 2024లో పెంచిన మొత్తాల ప్రకారం ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు రూ.6,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ.15,000. సదరం స్లాట్ మీ గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి.

శిబిరానికి డిశ్చార్జి కాగితం, స్కాన్ రిపోర్టులు తీసుకెళ్లండి. చెయ్యీ కాలూ ఒక్కటే చూపించి వచ్చేయకండి, గుర్తుపట్టలేని సంగతి కూడా డాక్టర్లకు చెప్పండి. ఇంట్లో రోజూ చూసుకునేవాళ్లే వెంట వెళ్లాలి. ఎందుకంటే, తనకు ఇబ్బంది ఉందనే విషయం చాలాసార్లు రోగికే తెలియదు. డాక్టరు అడిగితే "నాకు బాగానే కనిపిస్తోందండీ" అనేస్తారు.