మేక, మేకు, మ్యాన్

రాజోలు

చి. లలితకు,

ఫొనెటిక్స్ పేపరు కొరుకుడుపడడం లేదని రాశావు. ఇంగ్లీషులో 20 అచ్చులు, 24 హల్లులు, మొత్తం 44 గుర్తులూ గోడకి అంటించి వల్లెవేస్తున్నావట. ఆ పట్టిక కొన్నాళ్లు పక్కన పెట్టమ్మా. ముందు నీ నోరు ఏం చేస్తోందో విను.

'మేకు' అను, వెంటనే 'మేక' అను. రాతలో రెండూ ఒకే ఏత్వం. కానీ 'మేక' దగ్గర దవడ ఇంకాస్త కిందికి దిగుతుంది. తర్వాతి అక్షరంలో ఉన్న అకారం చేయించే పని అది. ఆ రెండు ఏత్వాలనీ తారుమారు చేసి పలికినా మాట వింతగా వినిపిస్తుందే తప్ప అర్థం మారదు. ఒకే ఫోనీమ్‌కి రెండు ఆలోఫోన్లంటే ఇదే. ఇంగ్లీషులో దాదాపు ఇదే తేడాకి 'మెన్' కాస్తా 'మ్యాన్' అయిపోతుంది, పదిమంది ఒక్కడవుతారు! ఫొనాలజీకి అసలు ప్రశ్న ఇక్కడుంది: ఏ తేడా అర్థాన్ని మారుస్తుంది, ఏది మార్చదు?

'మ్యాన్'లో యకారం లేదు, అది మన లిపి తెచ్చిన ఇబ్బంది. అందులోని అచ్చు 'వచ్చాడు' అన్నప్పుడు 'చ్చా'లో మనం పలికే అచ్చుకి దగ్గరి చుట్టం. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆధునిక తెలుగులో దాన్ని విడి అచ్చుగానే లెక్కించారు. నీ నోటికి అలవాటైన ధ్వనికి భయమెందుకు?

ఇంగ్లండు వాళ్లు 'పిన్' అంటే పెదాల ముందు పెట్టిన కాగితం ముక్క ఎగురుతుంది, 'స్పిన్' అంటే కదలదు. ఆ సంగతి వాళ్లలో చాలామంది గమనించనే గమనించరు, మనం మేక సంగతి గమనించనట్టే.

నువ్వు ఎక్కువ శ్రమపడాల్సింది ఊనిక (స్ట్రెస్) దగ్గర. మనం ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం, వాళ్లు పలకరు. రావులపాలెం అరటిగెలలు చూశావుగా, 'బనానా'లో మూడు 'ఎ'లున్నా నడిమిదొక్కటే నిండుగా వస్తుంది. అటూ ఇటూ ఉన్నవి బలహీనపడి ష్వా అనే పొట్టి అచ్చు అయిపోతాయి. మన 'కోకోనట్'లో ఊనిక మొదట, రెండో 'కో' ష్వా. 'ఫోటోగ్రాఫ్'లో మొదట ఉన్న ఊనిక 'ఫొటోగ్రఫీ'లో రెండో అక్షరానికి జరిగి, అచ్చుల్ని కూడా మార్చేస్తుంది. మన మాట అవతలివాళ్లకి అందకపోవడానికి యాసకన్నా ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. యాస మార్చుకోవద్దు, కోనసీమ దీర్ఘాలు నీ మాటలో ఉండనీ.

డిక్షనరీలో ఏ మాట చూసినా, పైన చిన్న నిలువుగీత ఏ అక్షరం ముందుందో చూసి, ఆ తర్వాతే పైకి చదువు. ఇక 'వి', 'డబ్ల్యూ'ల మధ్య తేడా మాత్రం ఎదురుగా కూర్చుని పెదాలు చూపిస్తే గాని తెలియదు. ఆదివారం రా.

మావయ్య