మడ అడవిలో ముందు బురద చూడండి

చి. సౌ. అమ్మాయికి,

సంక్రాంతి సెలవుల్లో పిల్లవాణ్ణి నాగాయలంక తీసుకెళ్ళి, మడ అడవిలో బావురుపిల్లిని చూపిస్తానని మాటిచ్చావట. తప్పకుండా తీసుకెళ్ళు. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకో.

పేపర్లవాళ్ళు ఫిషింగ్ క్యాట్ అని రాసే ఈ బావురుపిల్లి ఆ అడవి ఉన్న కృష్ణా అభయారణ్యంలో ఉన్నమాట నిజమే. అడవిలో అమర్చిన కెమెరాలకు చిక్కింది కూడా. పెంపుడు పిల్లికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ఒంటినిండా నల్లమచ్చలు, పొట్టి తోక. దీన్ని చూసి చిరుతపులి పిల్ల అనుకుని హడలిపోయేవాళ్ళూ ఉన్నారు. కానీ ఇది ఎక్కువగా రాత్రిళ్ళు చేపల వేటకు దిగే జంతువు. పట్టపగలు ఇంజను పడవ మోత వింటూ గట్టున కూర్చోదు.

పగలు దొరికేది దాని జాడ. నీరు లాగేశాక కాలవ అంచున తడిబురద బయటపడుతుంది, రాత్రి తిరిగినవాటి అడుగులన్నీ దానిమీదే ఉంటాయి. మామూలు పిల్లి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. బావురుపిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు, కాబట్టి మెత్తటి బురదలో గోటి గాట్లు పడొచ్చు. ‘నక్కకూ గోళ్ళు పడతాయిగా!’ అని వాడు అడగక మానడు. నక్క అడుగు కోలగా ఉంటుంది, పిల్లిది గుండ్రం. ఐదు వేళ్ళు కనిపిస్తే నీటికుక్క కావచ్చు. ఆ అడుగులు గీసుకోవడానికి వాడి చేతికి ఫోను కాదు, నోటుపుస్తకం, పెన్సిలు ఇవ్వు.

జాడ కనబడేది నీరు లాగాకే కాబట్టి బయల్దేరే వేళ గడియారాన్ని బట్టి కాదు, పోటుపాట్లను బట్టి పెట్టుకోవాలి. నీరు లాగే పాటు ఎప్పుడో నాగాయలంక పడవవాళ్ళను ముందురోజే అడుగు. పున్నమి, అమావాస్యలకు బురద ఎక్కువ బయటపడే మాట నిజమే కానీ, నీటి లాగుడు కూడా అప్పుడే ఎక్కువ. పిల్లవాడితో అయితే అష్టమి, నవమి రోజులు మేలు.

వాణ్ణి పడవ దిగనివ్వకు. మోకాలిలోతు దిగబడే చోట్లుంటాయి, పైగా మడచెట్ల శ్వాసవేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి. ఆ చెట్లు ఊపిరి పీల్చేది వాటితోనే. తిల్లచెట్టు కొమ్మ విరవనివ్వకు. దాని పాలు కంట్లో పడితే కొంతకాలం చూపే పోవచ్చు.

పడవలో కూర్చుంటే విసుగని అనుకోకు. మగపీత ఒకటి బొరియ బయట నిలబడి, ఒంటికి మించిన ఒంటికొండిని పైకీ కిందికీ ఊపుతుంటుంది, ఆడపీతను పిలవడానికి. పక్కనే చేప ఒకటి రెక్కలమీద పాకుతూ బురదపై గెంతుతుంది. నీళ్ళలో ఉండాల్సిన చేప నేలమీద ఏం చేస్తోందని వాడు అడిగితే నువ్వే చెప్పకు. ఆ కాలవల్లో పీతలు పట్టి బతికే యానాదులు ఉంటారు, వాళ్ళను అడగమను. మన పుస్తకాలకంటే వాళ్ళకు ఎక్కువ తెలుసు.

తిరిగొచ్చేటప్పుడు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి కూడా చెప్పు. నాగాయలంక ఉన్న దివిసీమలో వేలమంది కొట్టుకుపోయారు, బాగా దెబ్బతిన్న ఊళ్ళలో సొర్లగొంది ఒకటి. అలల జోరును కొంతైనా తగ్గించేవి ఈ మడచెట్లే. ఆ సంగతి తెలిసి కూడా తీరం పొడవునా మడను నరికి రొయ్యల చెరువులు తవ్వుకున్నాం. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఈ మాట అర్థమవుతుంది, దాచక్కర్లేదు.

వాడికి జంతువులు కళ్ళనిండా కనబడాలంటే ముందు కొల్లేటి ఒడ్డున ఆటపాక తీసుకెళ్ళు. కైకలూరు పక్కనే. చలికాలంలో గూడబాతులు చెట్లనిండా ఉంటాయి, ఏ పిల్లవాడూ నిరాశపడడు. మడ అడవి ఆ తరవాత. అది అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా పడవ ఎక్కవద్దు. సెలవులకు జనం ఎక్కువ, ఆ పని ఈ వారంలోనే చూసుకో.

మీ పెదనాన్న