మామిడికో వాల్వు, జామకింకో వాల్వు

మృగశిర కార్తె మొదలైందంటే జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ వాళ్ల ఆలోచనలు శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు మళ్లుతాయి. పేరున్న నటులకే కాదు, ఎడిటర్లకు, ప్రొడక్షన్ మేనేజర్లకు కూడా అటువైపు ఎకరమో రెండెకరాలో ఉండటం మామూలే. పవన్ కల్యాణ్ శంకర్‌పల్లి తోట మామిడి పండ్లు వేసవిలో సినిమా మిత్రుల ఇళ్లకు చేరిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. అది చూసి మనమూ నాలుగు రకాల పండ్ల చెట్లు పెడదామనుకోవడం మంచి ఆలోచనే. రెండెకరాలూ బంగినపల్లి ఒక్కటే పెడితే మే నెలంతా ఎవరికి పంచాలో తెలియదు, మిగతా ఏడాది పండ్లు బజార్లోనే కొనాలి.

అయితే కలగలుపు తోటలను చెడగొట్టేది చాలాసార్లు మొక్క కాదు, డ్రిప్పు. బిగించడానికి వచ్చినవాళ్లు ఒక మోటారు, ఒక మెయిన్ పైపు, ఒకే వాల్వు పెట్టి వెళ్లిపోతారు. వాల్వు తిప్పితే మామిడికీ, జామకూ, సపోటాకూ నీళ్లు ఒకేసారి పోతాయి. మొదటి మూడేళ్లు ఏ ఇబ్బందీ కనబడదు, మొక్కలన్నీ పచ్చగా ఏపుగా పెరుగుతాయి. కాపు రావాల్సిన ఏడు మామిడి పూత బదులు చిగురు వేస్తుంది. అప్పుడు మందుల షాపుకు పరుగులు.

సినిమా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ప్రతి చెట్టుకూ దాని కాల్షీట్ దానికుంది. కాపుకొచ్చిన మామిడికి అక్టోబరు నుంచి నీళ్లు ఆపేయాలి. ఆ బెట్టకే డిసెంబరు, జనవరిలో పూత వస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ తడులు మొదలుపెట్టాలి. జామ లెక్క దీనికి పూర్తిగా తిరగబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు ఆపితే ఆకు రాలుస్తుంది, తొలకరికి చిగురించి పూస్తుంది, చలికాలంలో కాస్తుంది. వానాకాలపు జామలో పండు ఈగ పురుగులు లుకలుకలాడతాయి. చలికాలపు కాయలో ఆ బెడద తక్కువ, తీపి ఎక్కువ. నిమ్మకు వేసవిలో, అంటే ధర ఉన్నప్పుడు, కాయలు కావాలంటే సెప్టెంబరు, అక్టోబరులో బెట్ట పెట్టాలి. ఆ నెలల్లో మన దగ్గర వాన పడుతూనే ఉంటుంది కాబట్టి అన్నిసార్లూ ఇది కుదరదు. సపోటా, అరటి, బొప్పాయిలకు ఏడాది పొడవునా సమంగా తడి ఉండాలి.

కాబట్టి గుంతలు తీయకముందే కాగితం మీద గీసుకోండి: మామిడికి ఒక వాల్వు, జామకు ఒకటి, నిమ్మకు ఒకటి, సపోటా అరటి బొప్పాయిలకు కలిపి ఒకటి. చెట్లు కూడా ఆ వరసల్లోనే రావాలి. అందం కోసం మామిడి పక్కన అరటి పెడితే, అరటికిచ్చిన నీళ్లు మామిడి వేళ్లు తాగకుండా ఆపలేరు. ఒక్క జాగ్రత్త: బెట్ట పెట్టేది కాపుకొచ్చిన చెట్టుకే. మూడు నాలుగేళ్ల లోపు లేత మొక్కకు చలికాలంలోనూ, ఎండాకాలంలోనూ నీళ్లు ఆపొద్దు.

అసలు వాల్వే అక్కర్లేని చెట్టు సీతాఫలం. తెలంగాణ బండరాళ్ల గుట్టల మీద దానంతటదే మొలిచి కాసేది. నాటిన మొదటి రెండు వేసవులు కాపాడితే చాలు, ఆ తర్వాత వాన మీదే బతుకుతుంది. చలికాలం చివర ఆకు రాల్చిందని కంగారుపడి నీళ్లు పెట్టొద్దు, అది దాని నిద్ర. రకం బాలానగర్ అడగండి. కూకట్‌పల్లి పక్క బాలానగర్ కాదు, పాలమూరు బాలానగర్. రాళ్లు తేలిన మూలను, బోరు నీళ్లు అందని గట్టును దీనికీ, ఉసిరికీ, రేగుకీ వదిలేయండి. నేరేడును పడమటి గట్టున వరసగా పెడితే ఏప్రిల్, మే ఈదురుగాలుల నుంచి మామిడి కాయకు కాస్త అడ్డు. కారు నిలిపే చోట మాత్రం వద్దు, ఎందుకో మొదటి కాపుకే తెలుస్తుంది. దానిమ్మ జోలికి వెళ్లొద్దన్నది నా మాట. బ్యాక్టీరియా మచ్చ తెగులుతో ఏడాదంతా కుస్తీ పట్టే తీరిక వారానికోసారి తోటకొచ్చే కుటుంబానికి ఉండదు.

మామిడిలో ఒక్క రకానికే కట్టుబడకండి. బంగినపల్లి ముందు వస్తుంది, హిమాయత్ కూడా పెట్టండి. రసాల్లో ఒకటి రెండు చెట్లు పిల్లల కోసం ఉండాలి. మల్లిక ఆఖర్న పండి సీజన్‌ను జూన్‌లోకి లాగుతుంది. ఆమ్రపాలి పొట్టిగా ఉండి ఏటా కాస్తుంది, చోటు తక్కువున్న వాళ్లకు అదే మేలు. పది మీటర్ల ఎడంతో ఎకరాకు 40 మామిడి చెట్లు పడతాయి, అయిదు మీటర్లయితే 160. దగ్గరగా పెట్టినవాళ్లు ఏటా కోత కాగానే కత్తిరింపులు చేసి తీరాలి. చేయలేమనుకుంటే ఎడంగానే పెట్టండి. అంట్ల కోసం రోడ్డు పక్క నర్సరీల కంటే సంగారెడ్డి ఫల పరిశోధన స్థానాన్ని ముందు అడగండి.

గుంత మీటరు లోతు, మీటరు వెడల్పు తీయాలి. పైమట్టిని పక్కన వేరుగా పోసుకుని, దానిలో బాగా చివికిన పశువుల ఎరువు, రెండు కిలోల సూపర్ ఫాస్ఫేట్, చెదలకు వేపపిండి కలిపి నింపండి. ఆరుద్రలో నేల బాగా నానాక నాటండి. అంటు అతుకు మట్టికి జానెడు ఎత్తులో ఉండాలి. అతుకు దగ్గర చుట్టిన ప్లాస్టిక్ రిబ్బన్ చాలామంది విప్పరు. కాండం లావెక్కేకొద్దీ అది బెరడును కోసుకుంటూ లోపలికి దిగుతుంది, ఓ గాలివానకు మొక్క సరిగ్గా అక్కడే విరిగిపోతుంది. అతుకు కింద వేరుమొక్క నుంచి వచ్చే చిగుళ్లను వేలితో గిల్లేయండి. ఏపుగా పెరుగుతోందని మురిసి వదిలేస్తే చివరికి మిగిలేది నాటు మామిడే.

చెట్ల మధ్య ఖాళీలో ఈ వానాకాలం పెసర, అలసంద, ఉలవ చల్లండి. నేల కప్పు ఉంటుంది, నత్రజనీ చేరుతుంది. మొక్క పాదులోకి మాత్రం పాకనివ్వొద్దు.

పురుగుమందు డబ్బా ఎత్తే ముందు ఒక్కటి గుర్తుంచుకోండి. గండిపేట, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చిందీ, దాని కింద 84 గ్రామాలు చేర్చిందీ ఆ నేల మీద పడ్డ వాన ఆ చెరువుల్లోకే పారుతుంది కాబట్టి. అందుకే మందు బదులు పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎరలు వేలాడదీసి, రాలిన కాయలను ఏ రోజుకారోజు ఏరి పూడ్చేస్తే సగం పని అయిపోతుంది.

తోట లేదు, ఇంటి పెరడే ఉందంటారా? జూబ్లీహిల్స్‌లో చాలా పెరళ్ల కింద బండే ఉంటుంది. గుంత తీసి నిండా నీళ్లు పోసి, మర్నాడు పొద్దున చూడండి. ఇంకిపోతే జామో నిమ్మో పెట్టుకోండి. నీళ్లు అలాగే నిలిచి ఉంటే ఆ గుంత పూడ్చేసి, అడుగున చిల్లులు పెట్టిన పెద్ద డ్రమ్ములో నిమ్మ వేయండి.