దుబాయ్‌లో ఫ్లాట్: సంతకానికి ముందు

దుబాయ్ బిల్డర్లు ఇప్పుడు హైదరాబాద్ స్టార్ హోటళ్లకే వచ్చి ఫ్లాట్లు అమ్ముతున్నారు. అద్దాల పెట్టెలో బొమ్మ టవరు, చేతికో కాఫీ, "ఈ రేటు ఈరోజుకే సార్" అనే కుర్రాడు. అక్కడ అమ్మేవి చాలావరకు ఇంకా కట్టనివే. బాల్కనీ ఎటువైపో తర్వాత అడగొచ్చు; మన డబ్బు ఎవరి ఖాతాలోకి పోతుందో ముందు అడగాలి.

చేయవలసినవి

2006లో వచ్చిన చట్టం ప్రకారం విదేశీయులు దుబాయ్‌లో నిర్ణయించిన ప్రాంతాల్లోనే సొంతంగా కొనుక్కోవచ్చు. పామ్ జుమేరా, దుబాయ్ మెరీనా, డౌన్‌టౌన్ అలాంటివి. మీకు ఇస్తున్నది ఫ్రీహోల్డా (పూర్తి యాజమాన్య హక్కా), 99 ఏళ్ల లీజా అన్నది కాగితం మీదే చూసుకోండి.

అక్కడి ల్యాండ్ డిపార్ట్‌మెంట్ 'దుబాయ్ రెస్ట్' యాప్ ఫోన్లో వేసుకోండి. ప్రాజెక్టు రిజిస్టరైందా, పని ఎంత శాతం అయింది, బ్రోకరుకు లైసెన్సు ఉందా అన్నవి అందులో తెలుస్తాయి. ఏజెంటు ఎదుటే తెరిచి చూడండి. ఏమనుకుంటాడో అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

కట్టని ఫ్లాటుకు ఇచ్చే ప్రతి దిర్హమూ ఆ ప్రాజెక్టు పేరిట బ్యాంకులో విడిగా ఉండే ఎస్క్రో ఖాతాలోకే వెళ్లాలి. 2007 నుంచి అక్కడ ఇది చట్టం. పని జరిగిన మేరకే బిల్డరు చేతికి డబ్బు వస్తుంది; కట్టడం పూర్తయ్యాక కూడా 5 శాతం ఏడాదిపాటు ఆపి ఉంచుతారు. ఒప్పందంలోని ఖాతా పేరు, నంబరు పక్కన పెట్టుకుని, మిమ్మల్ని పంపమన్న ఖాతాతో అక్షరం అక్షరం సరిపోల్చుకున్నాకే పంపండి. తర్వాత 'ఉకూద్' అనే తాత్కాలిక రిజిస్ట్రేషన్ కాపీ అడిగి తీసుకోండి. అది చేతికి రానంత వరకు మీ దగ్గరున్నది రసీదు మాత్రమే.

ధర మీద 4 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటుంది, మామూలుగా కొనేవారి నెత్తినే పడుతుంది. ఏటా చదరపు అడుగుల లెక్కన సర్వీస్ చార్జీ కట్టాలి. అద్దె రాబడి గొప్పగా చెప్పేవాళ్లు ఈ సంగతి తరచు మింగేస్తారు.

మీ తర్వాత ఫ్లాటు ఎవరికన్నదీ తేల్చుకోవాలి. ముస్లిమేతరులకు 2015 నుంచి దుబాయ్ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం (డీఐఎఫ్‌సీ)లో వీలునామా రిజిస్టర్ చేయించుకునే వీలుంది. కొన్న ఏడాదే ఆ పని ముగించండి.

చేయకూడనివి

ఏజెంటు సొంత ఖాతాకు పంపడం, చేతికి నగదు ఇవ్వడం వద్దే వద్దు.

ఇండియాలో ఉండి కొనేవారు హవాలా జోలికి పోకండి. బ్యాంకు ద్వారా మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపే దారి ఉంది. బుకింగ్‌కని క్రెడిట్ కార్డు గీకడమూ వద్దు. ఐటీ రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో ఈ ఫ్లాటు చూపకపోతే 10 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు. ఇక్కడ పన్ను రెసిడెంట్లు కాని ఎన్నారైలకు ఈ పట్టిక బెడద లేదు.

"వాయిదా నెలకు ధరలో ఒక్క శాతమే" అన్న మాట విని జీతం అంచున ఒప్పందం చేసుకోకండి. గల్ఫ్‌లో ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో తెలియదు. పని 60 శాతం దాటాక మీరు వాయిదాలు ఆపేస్తే, నోటీసు గడువు తర్వాత బిల్డరు ఒప్పందం రద్దుచేసి, ఫ్లాటు విలువలో 40 శాతం దాకా ఉంచుకోవచ్చు. మీరు కట్టిన దాంట్లో కాదు, మొత్తం విలువలో! 20 లక్షల దిర్హమ్‌ల ఫ్లాటైతే 8 లక్షలు.

ఏ ఫ్లాటు కొన్నా గోల్డెన్ వీసా వస్తుందంటే నమ్మకండి. దానికి ఆస్తి విలువ 20 లక్షల దిర్హమ్‌లకు తగ్గకూడదు.

తాళాలిచ్చే రోజు హడావుడిలో సంతకం పెట్టేయకండి. కుళాయిలన్నీ తిప్పి, ఏసీ గంటసేపు నడిపి నీరు కారుతోందేమో చూసి, లోపాల పట్టీ రాయించి బిల్డరు ముద్ర వేయించుకోండి. పైపులు, కరెంటు, ఏసీ లోపాలకు ఏడాది, కట్టడపు లోపాలకు పదేళ్లు బిల్డరుదే బాధ్యత.